144 హెర్ట్జ్ మానిటర్‌లో బస్సు వణుకుతోంది: ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ ఉన్నా ఎందుకిట్లా?

అలిపిరి_మెట్టు
పైనుంచి చూసే 2డీ ఆట. ఘాట్ రోడ్డులో బస్సు నడపాలి, ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి, నిజంగా ఉన్నట్టే. సీ ప్లస్ ప్లస్, ఎస్‌డీఎల్ లైబ్రరీ. ఫిజిక్స్, అంటే బస్సు కదలిక లెక్క, సెకనుకు 60 టిక్‌లు (ఒక్కో లెక్క ఒక టిక్), అందులో మార్పు లేదు; ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ అంటే ఇదే. వీసింక్ ఆన్, అంటే తెర రిఫ్రెష్ అయ్యేదానికి తగ్గట్టే ఫ్రేములు పడతాయి.

60 హెర్ట్జ్ ల్యాప్‌టాప్‌లో నున్నగా పోతాది. అదే ప్రోగ్రాం 144 హెర్ట్జ్ మానిటర్‌లో పెడితే బస్సు అంచులు రెండుగా కనిపించేట్టు వణుకుతాది. ఎఫ్‌పీఎస్ మాత్రం 144 నుంచి కదలదు. కెమెరా బస్సు వెనకాలే ప్రతి ఫ్రేమ్‌లో 0.1 వంతు దగ్గరికి జరుగుతాది. ఇంకోటి: విండో కిందికి దించి కాసేపాగి తెరిస్తే ఆట కొంచెంసేపు బిగుసుకుపోయి, తర్వాత చూస్తే బస్సు లోయలో ఉంటాది. ఎక్కడ చూడాల చెప్పండన్నా.

స్వర్ణముఖి
ఎఫ్‌పీఎస్ 144 అంటే తెర 144 సార్లు గీస్తోందని మాత్రమే అర్థం. బస్సు స్థానం మారేది సెకనుకు 60 సార్లే. 144లో 60 ఫ్రేములు బస్సును జరుపుతాయి, మిగతా 84 ఫ్రేములు పాత బొమ్మనే మళ్లీ గీస్తాయి. 144ను 60తో భాగిస్తే 2.4. అందుకని ఒక టిక్ బొమ్మ రెండు ఫ్రేములు నిలబడుతుంది, ఇంకో టిక్ బొమ్మ మూడు ఫ్రేములు నిలబడుతుంది: 2, 2, 3, 2, 3, మళ్లీ మొదటికి. బస్సు వేగం సెకనుకు 300 పిక్సెళ్లు అనుకుంటే ప్రతి ఫ్రేమ్‌కూ 2.08 పిక్సెళ్లు జరగాల్సింది పోయి 0, 0, 5, 0, 5 ఇలా గంతులేస్తోంది. మీకు రెండు అంచులు కనిపించడానికి కారణం అదే.

టిక్‌ల సంఖ్య మార్చక్కర్లేదు. గత రెండు టిక్‌ల స్థితినీ దాచుకుని, గీసేటప్పుడు వాటి మధ్య ఎక్కడున్నామో లెక్కగట్టి గీయాలి. దీన్నే ఇంటర్‌పొలేషన్ అంటారు. లూప్ మొత్తం ఇంతే (జమ అంటే ఇంకా టిక్‌గా మారని కాలం, ఆల్ఫా అంటే అది ఒక టిక్‌లో ఎన్నో వంతో):

ఒక_టిక్ = 1.0 / 60
జమ = 0
పాత_గంట = గడియారం()

ఆట నడుస్తున్నంతసేపు:
  ఇప్పుడు = గడియారం()
  గడిచింది = ఇప్పుడు − పాత_గంట
  పాత_గంట = ఇప్పుడు
  గడిచింది 0.25 దాటితే, గడిచింది = 0.25
  జమ = జమ + గడిచింది
  జమ ≥ ఒక_టిక్ ఉన్నంతసేపు:
    వెనకటి = ప్రస్తుత
    ప్రస్తుత = ఫిజిక్స్(ప్రస్తుత, ఒక_టిక్)
    జమ = జమ − ఒక_టిక్
  ఆల్ఫా = జమ / ఒక_టిక్
  గీయి(వెనకటి × (1 − ఆల్ఫా) + ప్రస్తుత × ఆల్ఫా)

ఆల్ఫా ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే ఉంటుంది. 1 దాటితే లోపలి లూప్ తప్పు రాసినట్టే. ఇంటర్‌పొలేట్ చేసిన విలువను ఫిజిక్స్‌లోకి తిరిగి రాయకండి. అది గీయడానికి మాత్రమే, గీశాక పారేయాలి.

చిత్తూరు_తోతాపురి
అక్క రాసిన దాంట్లో "వెనకటి = ప్రస్తుత" అనే లైను యాడుందో సరిగ్గా చూడు తమ్ముడూ. లోపలి లూప్ లోపల, ఫిజిక్స్‌కి ముందర. శానామంది దాన్ని తీసి లోపలి లూప్ బయట, ఫ్రేమ్ మొదట్లో పెడతారు. చూసేదానికి ఒకటే మాదిరి ఉంటాది, పని చేసేది వేరు.

బయట పెడితే టిక్ పడని ఫ్రేములో వెనకటి, ప్రస్తుత రెండూ ఒకటైపోతాయి. ఆల్ఫా ఎంతున్నా బస్సు కదలదు. ఒకే ఫ్రేములో రెండు టిక్‌లు పడినాయంటే వెనకటి రెండు టిక్‌ల పాతదై కూర్చుంటాది, అప్పుడు బస్సు వెనక్కి గుంజినట్టయి ముందుకు దూకుతాది. ఇంటర్‌పొలేషన్ పెట్టినా వణుకు తగ్గలేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఈ లైనే.

పుత్తూరు_కట్టు
ఇంత తతంగం దేనికి సామీ? ఫిజిక్స్‌నే ప్రతి ఫ్రేమ్‌కూ నడిపి, వేగాన్ని గడిచిన కాలంతో గుణిస్తే సరిపోదా? 144లో 144 సార్లు కదులుతుంది, వణుకే ఉండదు.

స్వర్ణముఖి
వేగం ఒక్కటే ఉంటే సరిపోతుంది. త్వరణం, స్ప్రింగ్, ఢీకొనడం వచ్చాయంటే సరిపోదు. రెండు లెక్కలు చూడండి.

దూకే ఆట తీసుకోండి. పైకి వేగం సెకనుకు 600 పిక్సెళ్లు, గురుత్వం 1800. కాగితం మీద ఎత్తు సరిగ్గా 100 పిక్సెళ్లు. మనందరం రాసేది ముందు వేగం మార్చి, తర్వాత స్థానం మార్చే పద్ధతి. అందులో సెకనుకు 30 ఫ్రేములైతే ఎత్తు 90, 60 అయితే 95, 144 అయితే దాదాపు 98. 93 పిక్సెళ్ల గట్టు పెట్టారంటే 60లో ఎక్కుతాడు, 30లో ఎక్కలేడు. ఒకే ఆట రెండు ఫోన్లలో రెండు ఆటలవుతుంది.

స్ప్రింగ్ అయితే ఇంకా ఘోరం. ఇదే పద్ధతిలో డ్యాంపింగ్ (ఊపును తగ్గించే నిరోధం) లేని స్ప్రింగ్ నిలబడాలంటే దాని కోణీయ పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు రేడియన్లలో ఊగే వేగాన్ని, టిక్ కాలంతో గుణిస్తే 2 కంటే తక్కువ రావాలి. కోణీయ పౌనఃపున్యం 100 ఉన్న గట్టి స్ప్రింగ్ 60లో 1.67, పర్వాలేదు. ఫోన్ వేడెక్కి 40కి పడితే 2.5. అంతే, బస్సు తెర బయటికి ఎగిరిపోతుంది. రీప్లే రికార్డు చేయాలన్నా, ఇద్దరు ఆడే నెట్‌వర్క్ ఆట కట్టాలన్నా టిక్ కాలం మారకూడదు.

పుత్తూరు_కట్టు
30కి 90, 60కి 95 అన్నది చేత్తో వేసి చూశా, సరిపోయింది. టిక్ కదలకూడదని ఒప్పుకుంటా. కానీ మీ పద్ధతిలో తెర మీద కనిపించేది పాత కాలం కదా. ఆ ఆలస్యం సంగతేంది?

స్వర్ణముఖి
ఆలస్యం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. గీసే స్థితి నిజ కాలానికి సరిగ్గా ఒక టిక్ వెనక ఉంటుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవ్వదు. 60 టిక్‌లైతే 16.7 మిల్లీసెకన్లు, 120 టిక్‌లైతే 8.3. బస్సు ఆటకి 60 చాలు. కత్తి దూసే ఆటో, తాళానికి తగ్గట్టు నొక్కే ఆటో అయితే టిక్‌లను 120కి పెంచండి. ఈ ఆటల్లో ఫిజిక్స్ ఖర్చు పెద్దది కాదు, రెట్టింపైనా తట్టుకుంటుంది.

ఎక్స్‌ట్రాపొలేషన్ చేస్తే, అంటే ప్రస్తుత స్థితి నుంచి వేగాన్ని బట్టి ముందుకు ఊహిస్తే, ఈ ఆలస్యం పోతుంది. బదులుగా బస్సు పిట్టగోడలోకి రెండు మూడు పిక్సెళ్లు దూరి, తర్వాతి టిక్‌లో వెనక్కి తన్నుకొస్తుంది. ఘాట్ రోడ్డు ఆటలో పిట్టగోడ తగలడమే ప్రధాన సంఘటన. ఇక్కడ మాత్రం వద్దు.

అలిపిరి_మెట్టు
పెట్టినాను. సూటి దారిలో వణుకు పోయింది, 144లో చూస్తే కంటికి హాయిగా ఉండాది. రెండు కొత్త తంటాలు వచ్చినాయి. ఒకటి, మలుపులో బస్సు ఉత్తరానికి తిరిగే ఘడియలో ఒక్క క్షణం గిర్రున బొంగరమైపోతాది. రెండు, ఎక్కడం అయిపోయి కొత్త దారి మొదలైనప్పుడు బస్సు తెర అడ్డంగా గీత గీసినట్టు దూసుకొస్తాది.

చిత్తూరు_తోతాపురి
మొదటిది కోణం. 358 డిగ్రీల నుంచి 2 డిగ్రీలకు పోవాలంటే దూరం 4 డిగ్రీలే. నీ లెక్క 358 నుంచి 180 మీదుగా 2కి వెనక్కి తిప్పుతాండాది. తేడా ముందు తీసి, దాన్ని −180కీ 180కీ మధ్యకు తెచ్చుకో:

తేడా = ప్రస్తుత_కోణం − వెనకటి_కోణం
తేడా 180 దాటితే, తేడా = తేడా − 360
తేడా −180 కంటే తగ్గితే, తేడా = తేడా + 360
గీసే_కోణం = వెనకటి_కోణం + తేడా × ఆల్ఫా

3డీకి పోతే క్వాటర్నియన్లలోనూ (తిరుగుడును నాలుగు అంకెల్లో రాసే పద్ధతి) ఇదే పీడ. రెండిటి డాట్ ప్రొడక్ట్ రుణం వస్తే ఒకదాని గుర్తు తిప్పి, అప్పుడు కలిపి, నార్మలైజ్ చెయ్యాల.

రెండోది స్థలం మార్చడం. బస్సును ఒక చోటి నుంచి ఇంకో చోట పెట్టినప్పుడు ప్రస్తుత ఒక్కటే మారిస్తే, ఇంటర్‌పొలేషన్ పాపం రెండు చోట్లకీ మధ్య దారి ఏసేస్తాది. స్థలం మార్చిన ప్రతిసారీ వెనకటిని కూడా అదే విలువకు పెట్టు. కొత్తగా పుట్టే వస్తువులకీ ఇదే, లేకుంటే ప్రతి కొండరాయీ తెర మూల 0, 0 నుంచి ఎగిరొస్తాది. దీనికి ఒక ఫంక్షన్ రాసి, దాని గుండా తప్ప ఎవరూ స్థలం మార్చకుండా చూసుకో.

నగరి_మగ్గం
ఒక సందేహం. మలుపు వంపుగా ఉంటుంది, మనం రెండు టిక్‌ల మధ్య సూటి గీత గీస్తున్నాం. మలుపులో బస్సు మూలలు మూలలుగా పోదా? వేగాన్ని కూడా కలుపుకుని వంపు గీత వాడాలా?

స్వర్ణముఖి
వద్దు. 12 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును సెకనుకు 8 మీటర్ల వేగంతో తిరిగితే ఒక టిక్‌లో 13 సెంటీమీటర్లు పోతుంది. వంపుకీ సూటి గీతకీ మధ్య ఎడం 0.2 మిల్లీమీటర్ల లోపే. ఏ తెరా దాన్ని చూపించలేదు. సెకనుకు 10 టిక్‌లతో నడిచే నెట్‌వర్క్ ఆటలో కూడా అది 7 మిల్లీమీటర్లు దాటదు.

రేణిగుంట_లూప్‌లైన్
కెమెరా ఊసు ఎవరూ ఎత్తలేదు. ప్రతి ఫ్రేమ్‌లో 0.1 వంతు అని రాశావు కదా, అది ఫ్రేమ్ రేటును బట్టి మారే కెమెరా. సెకనుకు 300 పిక్సెళ్ల వేగంలో, 60 ఫ్రేములుంటే కెమెరా బస్సుకు 45 పిక్సెళ్లు వెనక నిలుస్తుంది, 144 ఉంటే 19 దగ్గరే. మంచి మానిటర్ కొన్నవాడికి ముందున్న దారి వేరేగా కనిపిస్తుంది. దాన్ని ఇట్లా మార్చు:

వంతు = 1 − ఈ^(−6.3 × గడిచింది)

ఈ అంటే 2.718. 60లో ఇది 0.1 అవుతుంది, 144లో 0.043 అవుతుంది, రెండిట్లోనూ అనుభవం ఒకటే.

వరుస ముఖ్యం. ముందు బస్సు ఇంటర్‌పొలేట్ అయిన స్థానం లెక్కగట్టు, తర్వాత కెమెరాను దాని వెంట జరుపు, ఆ తర్వాత గీయి. కెమెరా ఫిజిక్స్ టిక్‌లో ఉంటే దానికీ వెనకటి, ప్రస్తుత దాచి ఇంటర్‌పొలేట్ చెయ్యాలి. ఒకటి టిక్‌లోనూ, ఇంకోటి ఫ్రేమ్‌లోనూ ఉంటే బస్సు కుదురుగా ఉండి దారి వణుకుతుంది, లేదంటే దారి కుదురుగా ఉండి బస్సు వణుకుతుంది. ఏది వణుకుతోందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

పిక్సెల్ ఆర్ట్ అయితే బస్సు స్థానాన్ని విడిగా, కెమెరా స్థానాన్ని విడిగా పూర్ణాంకాలకు గుండ్రం చేయకు. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయి ఒక పిక్సెల్ అటూ ఇటూ ఆడుతుంది. బస్సు స్థానంలోంచి కెమెరా స్థానం తీసివేత ముందు, గుండ్రం చేయడం చివర్లో ఒక్కసారే.

అలిపిరి_మెట్టు
కోణం, స్థలం, కెమెరా మూడూ సరిపోయినాయి. అయితే 144లో హారన్ నొక్కితే సగం సార్లు మోగదు. 60లో ఈ బాధ లేదు.

పుత్తూరు_కట్టు
ఇది నా వంతు. "ఇప్పుడే నొక్కారు" అనే జెండాను (నిజమో కాదో చెప్పే గుర్తును) ప్రతి ఫ్రేమ్ చివర తుడిచేస్తున్నావు, చదివేది మాత్రం ఫిజిక్స్ టిక్‌లో. 144లో 84 ఫ్రేములకు టిక్కే పడదని పైన లెక్క ఉంది కదా. ఆ ఫ్రేముల్లో వచ్చిన నొక్కుడు ఎవరూ చదవకుండానే పోతుంది. వందకు 58 నొక్కులు గల్లంతు. సగం కంటే రొంత ఎక్కువే.

దీనికి తిరగబడ్డ రోగం 30 ఎఫ్‌పీఎస్ ఫోన్‌లో వస్తుంది. ఒక ఫ్రేమ్‌లో రెండు టిక్‌లు, జెండా రెండిట్లోనూ నిజం. హెడ్‌లైటు స్విచ్ వేసి వెంటనే తీసేస్తుంది, ఆడేవాడికి స్విచ్ పనే చేయనట్టు ఉంటుంది.

మందు ఒకటే: జెండాను ఫ్రేమ్ చివర కాదు, టిక్ చివర తుడువు. నొక్కిన సంఘటనలను క్యూలో పెట్టి, మొదటి టిక్ వాటిని తినేసేట్టు చేస్తే ఇంకా శుభ్రం. స్టీరింగ్ లాగా నొక్కిపట్టే మీటలకు ఈ బాధ లేదు, వాటి స్థితి ప్రతి టిక్‌లోనూ చదువుకోవచ్చు.

నగరి_మగ్గం
విండో దించి తెరిస్తే బస్సు లోయలో పడడం అట్లే ఉంది కదా?

చిత్తూరు_తోతాపురి
అది లూప్‌లో పెట్టిన 0.25 సెకన్ల కట్టుతో (పరిమితితో) సగం తగ్గింటాది. కట్టు లేనప్పుడు అయిదు నిమిషాలు దించిపెడితే 18,000 టిక్‌లు ఒక్కసారిగా పడతాయి. స్టీరింగ్ పట్టేవాడు లేడు, బస్సు సూటిగా పోయి లోయలో పడతాది. కట్టు ఉంటే 15 టిక్‌లే. అయినా విండో పోగానే ఆటను ఆపి, తిరిగొచ్చినాక పాత_గంటను అప్పటి కాలానికి పెట్టుకోవడమే మర్యాద. బ్రౌజర్‌లో కూడా ఇంతే, ట్యాబ్ దాచితే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ పిలుపులు (ఫ్రేమ్ గీయమని బ్రౌజర్ చేసేవి) ఆగిపోతాయి, తిరిగొచ్చినాక మొదటి తేడా కొండంత ఉంటాది.

అసలు ప్రమాదం పాత ఫోన్లలో. ఒక టిక్ ఫిజిక్స్‌కే 20 మిల్లీసెకన్లు పడితే, 16.7 మిల్లీసెకన్ల ఆట నడపడానికి 20 ఖర్చు. మిగిలిన బాకీ తర్వాతి ఫ్రేముకు, దానికి ఇంకా ఎక్కువ టిక్‌లు, ఇంకా బాకీ. వడ్డీ కట్టేదానికి అప్పు చేసినట్టు. ఇక్కడ 0.25 కట్టు చాలదు: 15 టిక్‌లు × 20 అంటే ఫ్రేముకు 300 మిల్లీసెకన్లు, సెకనుకు మూడు ఫ్రేములు. ఫోన్ల కోసం ఫ్రేముకు 4 లేదా 5 టిక్‌లకు మించకుండా పెట్టు. మించితే జమలో మిగిలిన పూర్తి టిక్‌లను పారెయ్యి, టిక్ కంటే తక్కువ ఉన్న చిల్లర మాత్రం ఉంచు. ఆట నిదానంగా నడుస్తాది, బిగుసుకుపోదు.

స్వర్ణముఖి
గడియారం గురించి కూడా చూసుకోండి. ఎస్‌డీఎల్‌లో పెర్ఫార్మెన్స్ కౌంటర్ వాడండి. మిల్లీసెకన్లు ఇచ్చే గెట్‌టిక్స్ వాడితే 6.94 మిల్లీసెకన్ల ఫ్రేమ్ ఒకసారి 6, ఒకసారి 7 అని కనిపిస్తుంది, ఆల్ఫా ఊగుతుంది. గోడ గడియారం, అంటే తేదీ చూపించే కాలం అసలొద్దు. నెట్ నుంచి సరిచేసినప్పుడు అది వెనక్కి కూడా పోగలదు.

మొత్తం కాలాన్ని 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే రకం) సెకన్లుగా దాచవద్దు. 16,384 సెకన్లు, అంటే నాలుగున్నర గంటలు దాటాక ఆ ఫ్లోట్ చూపగలిగే అతి చిన్న తేడా దాదాపు 2 మిల్లీసెకన్లు. పొద్దున తెరిచి వదిలేసిన ఆట మధ్యాహ్నానికి వణకడం మొదలుపెడుతుంది, ఎవరికీ కారణం దొరకదు. 64 బిట్ల పూర్ణాంకంలో నానోసెకన్లుగా ఉంచి, తేడా తీశాకే సెకన్లకు మార్చండి.

విండోస్‌లో వీసింక్ లేకుండా స్లీప్‌తో వేగం అదుపు చేయాలనుకుంటే ఇంకో గుంట: టైమర్ మామూలు అడుగు 15.6 మిల్లీసెకన్లు. 1 మిల్లీసెకను నిద్రపొమ్మంటే 15 పోవచ్చు.

రేణిగుంట_లూప్‌లైన్
యూనిటీ, గోడో లాంటి గేమ్ ఇంజిన్ వాడేవాళ్లు ఈ లూప్ రాయనక్కర్లేదు, సెట్టింగులు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. యూనిటీలో ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ మామూలుగా 0.02, అంటే 50 టిక్‌లు. 60 హెర్ట్జ్ తెర మీద ఆరు ఫ్రేముల్లో ఒకటి ఖాళీ, సెకనుకు 10 కుదుపులు. కొత్త రిజిడ్‌బాడీకి (ఫిజిక్స్ నడిపే వస్తువుకి) ఇంటర్‌పొలేట్ ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చెయ్యాలి. ఆన్ చేశాక ట్రాన్స్‌ఫార్మ్ స్థానాన్ని నేరుగా మారిస్తే అది చెడిపోతుంది, మూవ్‌పొజిషన్ వాడాలి. కెమెరాను లేట్‌అప్‌డేట్‌లో (ఫ్రేమ్‌లో మిగతా అప్‌డేట్‌లు అయ్యాక నడిచేది) జరపాలి.

గోడోలో టిక్‌లు మామూలుగా 60. ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ గోడో 4 వెర్షన్లలో 2డీకి 4.3 నుంచి, 3డీకి 4.4 నుంచి ఉంది. అది ఆన్ చేస్తే జిట్టర్ ఫిక్స్ అనే సెట్టింగు విలువను 0కి దించండి, రెండూ కలిస్తే పోట్లాడుకుంటాయి. స్థలం మార్చాక రీసెట్ ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ పిలవాలి, తోతాపురి అన్న చెప్పిన సంగతే.

నగరి_మగ్గం
అన్ని వస్తువులకీ ఇంటర్‌పొలేషన్ పడిందో లేదో ఎట్లా కనుక్కోవాలి? 60 టిక్‌లలో కంటికి తేడా అందదు.

పుత్తూరు_కట్టు
టిక్‌లను 10కి దించి ఆడు. ఫిజిక్స్ కొంచెం చెడుతుంది, దాన్ని పట్టించుకోకు. ఇంటర్‌పొలేట్ అయ్యేవి నున్నగా జారతాయి, కానివి సెకనుకు పదిసార్లు ఎగురుతూ తమంతట తామే చెయ్యెత్తి చూపిస్తాయి. పొగ, ధూళి, అంకెల మీటరు లాంటివి ఫిజిక్స్‌లో లేకుండా ఫ్రేమ్ కాలంతోనే నడిచేవి. వాటి జోలికి పోవద్దు, అవి అట్లే బాగుంటాయి.

ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్‌తో తెరను తీసి చూస్తే కూడా దొరుకుతుంది, కానీ ఈ 10 టిక్‌ల పరీక్ష పైసా ఖర్చు లేనిది.

అలిపిరి_మెట్టు
హారన్, లోయ రెండూ పోయినాయి. ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే ఒకటే మిగిలింది. దాదాపు 17 సెకన్లకు ఒకసారి చిన్న కుదుపు. బస్సుది కాదు, బస్సు నీడది. టీవీ 59.94 హెర్ట్జ్ అని చూపిస్తాంది.

స్వర్ణముఖి
60 నుంచి 59.94 తీసేస్తే 0.06. 1ని దాంతో భాగిస్తే 16.7 సెకన్లు. ప్రతి 16.7 సెకన్లకు ఒక ఫ్రేమ్‌లో రెండు టిక్‌లు పడుతున్నాయి, నీడ ఆ ఫ్రేమ్‌లో రెండడుగులు వేస్తోంది. అంటే నీడ ఇంకా "ప్రస్తుత" స్థానాన్నే చదువుతోంది. గీసే ఫంక్షన్‌లో బస్సుకి వాడిన ఇంటర్‌పొలేట్ స్థానమే నీడకీ ఇవ్వండి.

చిత్తూరు_తోతాపురి
నీడతో పాటు ఆ హెడ్‌లైటు వెలుతురు కూడా చూసుకో. అది కూడా అక్కడి నుంచే చదువుతా ఉంటాది, చీకటి లెవెల్ వచ్చేదాకా బయటపడదు.